నాలుగు గ్రాముల పండు, నూరు టెంకలు

ఒక రాస్ప్‌బెర్రీ 3 నుంచి 5 గ్రాములు తూగుతుంది. అందులో 86 శాతం దాకా నీరే. పైకి ఒక్క పండులా కనిపించేది నిజానికి సుమారు 100 చిరుపండ్ల గుత్తి. ప్రతి చిరుపండుదీ మామిడిపండు కట్టడమే: పైన తొక్క, లోపల గుజ్జు, నడుమ టెంక. పెరట్లోనైనా, పొయ్యి మీదైనా, కెమెరా ముందైనా ఈ పండు తీరంతా ఆ 100 అనే అంకెలోనే ఉంది.

పువ్వు దగ్గరే మొదలుపెడదాం. ఒక్కో చిరుపండు ఊరాలంటే దాని వంతు పుప్పొడి దానికి అందాలి. ఆ పని ఎక్కువగా తేనెటీగలది. సగం చోట్ల అందకపోతే పండు గట్టిపడదు, చేతిలోకి తీసుకోగానే పొడిపొడిగా రాలిపోతుంది. పూత మీద ఉన్నప్పుడు పురుగుమందు జోలికి పోవద్దని అందుకే గట్టిగా చెబుతాను. పూత తర్వాత సుమారు నెలకు పండు చేతికొస్తుంది.

అమెరికాలో జామ్‌లకూ జ్యూస్‌లకూ వెళ్లే ఎర్ర రాస్ప్‌బెర్రీల్లో 90 శాతానికి పైగా వాషింగ్టన్ రాష్ట్రానివే. ముఖ్యంగా కెనడా సరిహద్దు పక్కనున్న లిండెన్ ఊరి చుట్టుపక్కల పొలాలవి. అదే రాష్ట్రంలో రెడ్మండ్, బోథెల్ వైపు స్థిరపడిన మన తెలుగువాళ్ల పెరళ్లకూ ఈ మొక్క బాగా నప్పుతుంది. చాలా రకాలకు చలికాలంలో 7 డిగ్రీల సెల్సియస్ లోపు చలి 800 గంటలు దాటి కావాలి. హైదరాబాద్, విశాఖ చలి దానికి చాలదు. ఆ చలి అక్కర్లేని మైసూర్ రాస్ప్‌బెర్రీ మన దేశపుదే. దాన్ని దక్షిణ ఫ్లోరిడాలో పెరళ్లలో పెంచుతున్నారు.

ఆ ఊళ్ల పక్కనున్న సియాటెల్ అంటే వానల ఊరని పేరు. కానీ ఆ వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపే. సగటు జులైలో నెల మొత్తానికీ అంగుళం వాన కూడా పడదు. పండు ఊరే ఆ రోజుల్లోనే మొక్కకు వారానికి అంగుళం, అంగుళంన్నర నీరు కావాలి. పది అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు మడికి అంగుళం నీరంటే 47 లీటర్లు. చలికాలంలో దీనికి తలకిందుల కష్టం: నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. మడిని ఒక అడుగు ఎత్తు లేపితే ఆ బెడద చాలా తగ్గుతుంది. మనవాళ్లు తప్పక గుర్తుంచుకోవలసింది ఇంకోటుంది. గత మూడు నాలుగేళ్లలో వంకాయ, టమాటా, మిరప, బంగాళాదుంప వేసిన చోట దీన్ని నాటొద్దు. వాటికి పట్టే వడలు తెగులు శిలీంధ్రం మట్టిలోనే ఉండి దీన్నీ పట్టుకుంటుంది.

వేళ్లు ఏళ్ల తరబడి బతుకుతాయి కానీ ఒక్కో కాడ ఆయుష్షు రెండేళ్లే. మీకర్ లాంటి వేసవి రకాల్లో మొదటి ఏడు కాడ పెరుగుతుంది, రెండో ఏడు కాచి ఎండిపోతుంది. కాచిన కాడను నేల మట్టానికి కోసేసి, కొత్త పిలకల్లో అడుగుకు మూడు నాలుగు బలమైనవే ఉంచాలి. 1969లో విడుదలైన హెరిటేజ్ రకం తొలి ఏడే, ఆగస్టు చివర నుంచి కాస్తుంది. ఆ ఒక్క కాపు చాలనుకుంటే చలికాలం చివర కాడలన్నీ కోసేయొచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది హెరిటేజ్ పేరే.

పండితే పండు తొడిమ బొడిపెను వదిలి ఇట్టే ఊడి వస్తుంది, లోపల డొల్లగా ఉంటుంది. లాగాల్సి వస్తే ఇంకా పండలేదన్నమాట. కోశాక తీపెక్కదు కాబట్టి ముందే కోసి మగ్గబెట్టడం కుదరదు. ఆ డొల్ల, పలచని తొక్క వల్లే ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజులకు మించి ఆగదు. వెడల్పాటి డబ్బాలో పలచగా పరచండి, కడగడం తినే ముందే. వాషింగ్టన్‌లో 2009లో బయటపడిన మచ్చరెక్కల ఈగ పండుతున్న కాయలోనే గుడ్లు పెడుతుంది. అందుకే రెండు రోజులకోసారి కోయాలి, కోయగానే చల్లబరచాలి.

వంటింట్లో ముందు తేల్చుకోవలసింది టెంకల సంగతి. కిలో పండ్లంటే సుమారు 250. అంటే దాదాపు 25,000 టెంకలు! సగం గుజ్జును జల్లెడ పట్టి, మిగతా సగం అలాగే ఉంచితే జామ్ నోటికి హాయిగా ఉంటుంది. కిలోకు కిలో చక్కెర, వెడల్పాటి గిన్నె, 104-105 డిగ్రీల వేడి చాలు. ఎక్కువ ఉడికితే రంగూ వాసనా పోతాయి. 100 గ్రాముల పండులో చక్కెర 4.4 గ్రాములే, మామిడిలో దాదాపు 14. ఆ పులుపు చూశాక దీన్ని పప్పులో వేయకుండా ఎలా ఉంటాం? కప్పు కందిపప్పు పచ్చిమిర్చితో ఉడికాక, కప్పు పండ్లు చివరి ఐదు నిమిషాల్లో వేసి, ఇంగువ పోపు పెట్టండి. కేకులో మాత్రం సోడా ఎక్కువైతే ఎరుపు కాస్తా నీలి బూడిదకు తిరుగుతుంది. పెరుగు కలిపితే రంగు నిలుస్తుంది.

ఇక ఫొటో. మాక్రో లెన్స్‌తో అసలు సైజులో తీస్తే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్/8 దగ్గర స్పష్టంగా కనిపించే లోతు ఒక మిల్లీమీటరే. పండేమో రెండు సెంటీమీటర్లు. కాస్త వెనక్కి జరిగి సగం సైజులో తీస్తే ఆ లోతు మూడు మిల్లీమీటర్లకు దగ్గరవుతుంది. మామూలు సెన్సర్‌లో ఆకుపచ్చను చూసే గళ్లు సగం, ఎరుపును చూసేవి పావు వంతే. ఎండలో ఆ పావు వంతూ నిండిపోతే నూరు చిరుపండ్లూ కలిసి ఒకే ఎర్ర మరకైపోతాయి. నీడలోనో మబ్బు పట్టినప్పుడో, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతులు తగ్గించి తీయండి. చిరుపండ్ల మధ్య గాడులూ, వాటి మీది సన్నటి నూగూ విడివిడిగా కనిపిస్తాయి.