ముందుగా దొరికిన విశ్రాంతి

ఉద్యోగము పురుషలక్షణమని లోకోక్తి. ఆ ఉద్యోగము అనుకొన్న వయస్సు రాకమునుపే ముగిసినచో ఇంటనుండు పురుషున కేమి లక్షణమో, ఆయనతోగూడ ఇంటనుండు ఇల్లాలి కేమి గతియో చెప్పు లోకోక్తి మాత్రము మాకెక్కడను కనబడలేదు. తల నెరసిన గృహస్థు భార్యను కుమారులకడ విడిచియో, వెంటబెట్టుకొనియో వనమునకు పోవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. ఈ కాలమున వనమునకు పోవువారు లేరు. వసారాలో కుర్చీ వేసికొని కూర్చుందురు. ఆ కుర్చీ చుట్టును ఇల్లాలి పని మునుపటికంటె వేగముగా తిరుగుచుండును.

మన కరీంనగరము, ఆదిలాబాదు సీమలకు ఈ ముందువిరమణ కొత్త సంగతి కాదు. 2016లో ఈ రెండు జిల్లాలను పలు జిల్లాలుగా విభజించిరి గాని పాతపేర్లే మన నోట నానుచున్నవి. రామగుండమున ఎరువుల కర్మాగారము 1999లో మూతపడినప్పుడు నడివయస్సులోనే ఇల్లు చేరినవారు పలువురు. అచటనే కొత్త కర్మాగారము వెలసి 2022లో జాతికి అంకితమగునాటికి వారిలో చాలమంది తాతలైరి. కాగజ్‌నగరపు కాగితపు మిల్లు 2014లో నిలిచి 2018లో మరల కదలినది. సింగరేణి గనులలో విరమణ వయస్సు 2021లో 61 ఏండ్లకు పెరిగినను, అనారోగ్యముచే పనికి తగని కార్మికుల సంతానమునకు కారుణ్యనియామకములు 2018 నుండి జరుగుచున్నవి. తండ్రి ముందుగా విశ్రమించుటయు, కొడుకు పనిలో చేరుటయు అట్టి ఇండ్లలో ఒక్కసారే వచ్చును.

మా పెదతండ్రిగారి కుమార్తె కాపురము అట్టిదే. బావగారు ముప్పదియేండ్లు భూగర్భమున బొగ్గుపని చేసి, నడుమునొప్పి ముదిరి, పనికి తగరని వైద్యమండలి నిర్ణయింపగా ఏబదియారవ యేట విరమించిరి. కుమారునకు కొలువు దొరకెను. దంపతులిద్దరును కాలనీలోని క్వార్టరు విడిచి, మంచిర్యాలకు చేరువ గోదావరి యొడ్డునగల తాతలనాటి పెంకుటింటికి వచ్చిరి. ఒక బతుకమ్మ పండుగకు మేము పోవునప్పటికి ఆ యింట రెండు పక్షము లేర్పడి యుండెను. బావగారికి ఓడలో సముద్రముమీద విహరింపవలెనని కోరిక. “ముప్పదియేండ్లు తలమీద నేలను పెట్టుకొని బ్రతికితిని. ఒక్కమారు నలుదిక్కుల ఆకాశమే కనబడుచోట కూర్చుండవలెను” అని ఆయన మాట. అక్కకు ఇల్లు బాగుచేయవలెనని పట్టుదల. పెంకులు కారుచుండెను, గోడలు పెచ్చులూడుచుండెను, వంటయిల్లు పొగచూరి యుండెను. ఇద్దరి కోరికలును న్యాయమైనవే. సొమ్ము మాత్రము ఒక్కటే.

ఆ రాత్రి పడుకొనబోవుచు అక్క మాతో మెల్లగా ననెను: “మీ బావకు పని తీరినది చెల్లే. నాకెన్నడు తీరును? ఆయన ఇంటనుండుటచేత రెండుమార్లు పెట్టు చాయ నాలుగుమార్లు పెట్టుచున్నాను. నాకు కలిగిన మార్పు అంతయే.” ఈ మాట విన్నపిదప మాకు నిద్ర పట్టలేదు. ఓడయా, ఇల్లా యను తగవులో అక్క విశ్రాంతి ఎవరి లెక్కలోను లేదని మాకప్పుడు తోచెను.

మరునాడు కాగితము, కలము పట్టుకొని ముగ్గురమును కూర్చుంటిమి. మొదట సొమ్ము సంగతి చూడవలసివచ్చెను. బొగ్గుగనుల పింఛను పథకము 1998లో ఏర్పడినది. ప్రభుత్వోద్యోగుల పింఛనువలె కరవుభత్యముతో అది పెరుగదు. ధరలు ఏటేట నూటికి ఆరు చొప్పున హెచ్చినచో పండ్రెండేండ్లలో రూపాయి విలువ సగమగును. ఏబదియారేండ్లకు విరమించినవారు ఎనుబదియేండ్లు బ్రతికినచో ఆ రూపాయి రెండుమార్లు సగమై పావలాకు దిగును. కావున విరమణనాడు మొత్తముగా చేతికి వచ్చిన ధనమును చూచి మురియరాదు. అది ఇరువదినాలుగేండ్ల బియ్యము, ఇరువదినాలుగేండ్ల మందులు.

తపాలాకచేరిలోను బ్యాంకులలోను వయోవృద్ధుల పొదుపు పథకమొకటి కలదు. అరువదియేండ్లు నిండినవారికే గాక, ఏబదియైదు దాటి ఉద్యోగము విరమించినవారికిని అందులో చేరు వీలున్నది. అయితే విరమణసొమ్ము చేతికందిన మూడునెలలలోపల చేరవలెను. ఈ గడువు తెలియక జారవిడుచుకొనువారు కలరు. గడువు ఐదేండ్లు, వడ్డీ మూడునెలలకొకమారు వచ్చును. 2023 ఏప్రిలులో వడ్డీ నూటికి 8.2గా నిర్ణయింపబడినది. ఆ రేటున పదిలక్షలకు ఏటికి 82,000, అనగా మూడునెలలకు 20,500 రూపాయలు. చేరునాటి రేటెంతయో కచేరిలో అడిగి తెలిసికొనవలెను. భార్యాభర్తల ఉమ్మడిపేర ఖాతా తెరువవచ్చును. బావగారట్లే చేసిరి. అక్క తన పెండ్లియైనపిదప ధనమునకు సంబంధించిన కాగితముపై సంతకము చేయుట అదియే మొదటిసారి. అసలు ముట్టరాదనియు, తొలియేటి వడ్డీలో ఇంటికి నలుబదివేలు, ప్రయాణమునకు ఇరువదియైదువేలు, తక్కినది వైద్యమునకనియు ముగ్గురమును ఒప్పుకొంటిమి.

పని చూడవచ్చిన గుత్తేదారొకడు గోడలకు టైల్సు, పైకప్పుక్రింద తెల్లపలకలు వేసెదనని మూడులక్షలు చెప్పెను. అక్క మొగము చిన్నబోయెను. ఇల్లు బాగుచేయుటలో వరుస యొకటి కలదు. మొదట వాన కారనీయరాదు, పిదప కాలు జారనీయరాదు, అందచందములు ఆపైని. నలుబదివేలలో సగమునకుమించి పెంకులు తిరుగవేయించుటకే చెల్లెను. స్నానపుగదిలో నున్నని బండలు తీయించి గరుకుబండలు పరపించి, గోడకు పట్టుకొనుటకు ఇనుపకమ్మి బిగించిరి. నడుమునొప్పివారికి ఆ కమ్మి టైల్సుకంటె విలువైనది.

గోడలకు వెల్ల దంపతులే వేసికొనిరి. పాతగోడల చెమ్మను సున్నము బయటికి పోనిచ్చును. ప్లాస్టికు రంగు ఆ చెమ్మను లోపలనే బంధించుటచే పెచ్చులూడును. సున్నపురాళ్లను తొట్టిలో నీటబోసి విరియనిచ్చి, మూడునాళ్లు నాననిచ్చి, పలుచని బట్టతో వడియగట్టి, తుమ్మబంక నీళ్లును చిటికెడు నీలిమందును కలుపవలెను. ఒక్కమారు దట్టముగా పూయుటకంటె మూడుమార్లు పలుచగా, ఆరనిచ్చి ఆరనిచ్చి పూయుట మేలు. విరియునప్పుడు సున్నము కుతకుత నుడుకును. చుక్క చిందినను కంటిచూపునకు ముప్పు. కండ్లద్దములు, చేతితొడుగులు లేక ఆ పని చేయరాదు. పిల్లలను దరికి రానీయరాదు. ఇదివరకే ప్లాస్టికు రంగు వేసిన గోడపై సున్నము పట్టదని కూడ గుర్తుంచుకొనుడు. నడుము వంపవలసిన పని అక్కయు, నిలుచుండి చేయు పని బావగారును పంచుకొనిరి. ముప్పదియేండ్లు బొగ్గుతో నల్లబడిన చేతులు మోచేతులదాక తెల్లనగుట చూచి అక్క కడుపుబ్బ నవ్వెను.

గడపలకును అరుగు అంచులకును జాజు పూసి తెల్లని ముగ్గుగీతలు తీసిరి. సిరిసిల్ల మరమగ్గముల నేతబట్ట తెచ్చి కిటికీలకు తెరలు కుట్టిరి. అక్క పాతచీరలు బొంతలయ్యెను. మిగిలిన సొమ్ముతో నిర్మలనుండి చేతిచిత్రమొకటి తెప్పించిరి. అచటి బొమ్మలను తేలికైన పొనికికర్రతో చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొడి కలిపి అతుకులు పూడ్చి, పైని రంగులు వేయుదురు. చేతిపనివారి సహకారసంఘము నిర్మలలో 1955లోనే ఏర్పడినది. దూరదేశపు బొమ్మకంటె ఇది మన గోడకు వన్నె. ఆ పనివాని యింట పొయ్యి వెలుగుటకు సాయము.

ఉత్తరరామచరితమున మొదటి యంకములో సీతమ్మ చిత్రములు చూచి, ఆ వనములను గంగానదిని మరల చూడవలెనని కోరును. అక్కకును అట్లే యయ్యెను. ఇల్లు తెల్లబడి గోడకు చిత్రము తగిలించిన నాలుగునాళ్లకే, “ఇక మీ నీళ్లెక్కడ చూపెదరో చూపుడు” అని బావగారితో ననెను. నాటకములో సీతమ్మకు ఆ కోరిక తెచ్చిన దుఃఖము మనకు తెలియనిది కాదు. ఆమెను భర్త లేకుండ పంపిరి. అందుచేతనే కాబోలు, అక్క తాను ఒంటరిగా ఎక్కడికిని పోననెను.

సముద్రయానము వెంటనే సాధ్యము కాదు. నీటిప్రయాణము తమకు పడునో పడదో తెలియకయే వేలు పోయుట తెలివికాదని, మొదట కరీంనగరపు మానేరు జలాశయమున ఒక్కగంట పడవలో తిరిగిరి. తల తిరుగలేదు. పిదప భద్రాచలము పోయి రాముని సేవించి, పోచవరమున లాంచీ ఎక్కి పాపికొండల నడుమ ఒక దినమంతయు గోదావరిపై గడపిరి. మన ధర్మపురిని, మంచిర్యాలను ఒరసి, కాళేశ్వరమున ప్రాణహితను కలుపుకొని పోయిన నీరే అది. లాంచీ పేరంటపల్లి శివాలయమువద్ద ఆగును. బావగారు దారిపొడవునను మాటలాడలేదట; మెడ నొచ్చువరకు ఆకాశమే చూచిరట. లాంచీలోనే భోజనము వడ్డించిరి. అక్క మాతో చెప్పినది కొండల మాట కాదు. “ఒకరు వండి వడ్డించిన అన్నము కూర్చుండి తింటిని చెల్లే. పప్పు ఇంత రుచిగా నుండునని నాకు తెలియదు.”

ఈ సంతోషముతోబాటు ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన అదే నదిలో కచ్చులూరువద్ద, వరదప్రవాహమున, యాత్రికుల పడవ మునిగి సుమారు ఏబదిమంది అసువులు బాసిరి. వరంగల్లు ప్రాంతమునుండి పోయినవారును అందులో నుండిరి. పిదప నిలిచిన లాంచీలు 2021లో మరల నడచినవి. వరదల కాలమున పోరాదు. మితిమించి జనము నెక్కించిన పడవ ఎక్కరాదు. ఇచ్చిన డబ్బు పోయినను దిగవలెను. ప్రాణరక్షణపు కోటును చీరపైని వికారముగా నున్నదని తీసి ఒడిలో పెట్టుకొనువారిని మేము చూచితిమి. అది ఒడిలో నున్నచో ఎవరిని రక్షించును?

బావగారి సముద్రపు కోరిక ఇంకను మిగిలియున్నది. 2022 జూన్‌లో విశాఖపట్టణమునుండి పుదుచ్చేరి మీదుగా చెన్నపట్టణమునకు విహారనౌక యొకటి నడచినప్పుడు మన పత్రికలన్నియు దాని బొమ్మలు వేసినవి. ఆ భోగమునకు మూల్యము హెచ్చు. చెన్నపట్టణమునుండియు విశాఖనుండియు అండమాను దీవులకు పోవు ప్రయాణికుల ఓడలున్నవి. ఇంచుమించు మూడుదినముల ప్రయాణము. సాధారణపు పడకలలో పోవువారికి ఖర్చు తక్కువ. రెండేండ్ల ప్రయాణపువడ్డీ కూడబెట్టి పోదమని దంపతులు నిశ్చయించుకొనిరి. అసలు ముట్టరాదన్న మాట నిలిచియే యున్నది.

ఇప్పుడా యింట తెల్లవారుజామున చాయ పెట్టువారు బావగారు. ఆదివారము వంట కూడ ఆయనదే. మొదటి వారము పప్పు మాడినది. రెండవవారము ఉప్పు మరచిరి. అక్క నోరు మెదపక తినెను. లేచిపోయి తాను వండియున్నచో ఆ ఆదివారము ఆమె చేతినుండి జారిపోయియుండెడిది.

సోదరీమణులారా! మీ యింటి యజమాని విరమణకాగితముతో గడప త్రొక్కిననాడు ఆయనకు ఆదరముతో పీట వేయుడు. పిదప సొమ్ము ఎంత, అది ఎన్నేండ్లు రావలెను అని లెక్కవేయుడు. ఆ లెక్క ముగిసిన కాగితపు అడుగున, “వారమున నా సెలవు ఏ దినము?” అని మీచేతనే వ్రాయుడు. ఆ పంక్తి వ్రాయుటకు మా అక్కకు ఏబది రెండేండ్లు పట్టినది. మీరంతకాలము ఆగనక్కరలేదు.