పడవల శీతాకాల భద్రత

పడవల శీతాకాల భద్రత అనగా చలి దేశాలలో నీరు గడ్డకట్టక ముందే పడవలను ఒడ్డుకు చేర్చి, వాటిలో నిలిచిన నీటిని తొలగించి, వసంతకాలం వరకు పాడుకాకుండా నిలువ ఉంచే పద్ధతి. ఫిన్లాండ్, స్వీడన్, నార్వే, కెనడా దేశాలలోను, అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉత్తర భాగంలోను ఇది ప్రతి సంవత్సరం జరిగే పని. ఆయా ప్రాంతాల చలిని బట్టి సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలలో పడవలను బయటకు తీసి, తిరిగి ఏప్రిల్, మే నెలలలో నీటిలోకి దింపుతారు. ఈ ప్రాంతాలలోని విహార పడవలు సంవత్సరంలో దాదాపు సగభాగం నేలమీదనే గడుపుతాయి.

పొడిగా ఉన్న పడవను చలి పెద్దగా బాధించదు. ఇంజనులో, గొట్టాలలో, చెక్క సందులలో మిగిలిపోయిన నీరు గడ్డకట్టినపుడే ఎక్కువ నష్టం జరుగుతుంది. అందువలన ఈ పనిలోని ముఖ్యాంశాలు మూడు: ఉన్న నీటిని తీసివేయడం, తీయలేని చోట గడ్డకట్టని ద్రవాన్ని నింపడం, వాన నీరు మరియు మంచు కొత్తగా చేరకుండా కాపాడడం.

శాస్త్రీయ కారణం

సాధారణంగా పదార్థాలు చల్లబడినపుడు సంకోచిస్తాయి. నీరు మాత్రం 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యధిక సాంద్రతను పొంది, అంతకంటె చల్లబడినపుడు తిరిగి వ్యాకోచించడం ప్రారంభిస్తుంది. మంచుగడ్డగా మారేటపుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. మంచుగడ్డ నీటిపై తేలడానికి ఇదే కారణం. మూసి ఉన్న గొట్టంలోగాని, ఇంజను గోడల మధ్యగాని నీరు చిక్కుకొని గడ్డకడితే ఆ వ్యాకోచానికి చోటు ఉండదు. అపుడు కలిగే ఒత్తిడికి పోత ఇనుము, ఇత్తడి వంటి లోహాలు సైతం పగులుతాయి.

మంచినీరు 0 డిగ్రీల వద్ద గడ్డకట్టగా, లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు గల సముద్రపు నీరు దాదాపు మైనస్ 1.9 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. బాల్టిక్ సముద్రంలో ఉప్పు చాలా తక్కువ. అందుచేత దాని ఉత్తర కొసన, ఫిన్లాండ్, స్వీడన్ దేశాల మధ్యనున్న బోత్నియా అఖాతపు ఉత్తర భాగం ప్రతి శీతాకాలం గడ్డకడుతుంది. నార్వే పశ్చిమ తీరం అట్లాంటిక్ నుండి వచ్చే వెచ్చని ప్రవాహం వలన చాలావరకు గడ్డకట్టదు. అయినను అక్కడి గాలి ఉష్ణోగ్రత 0 డిగ్రీల కంటె తగ్గుతుంది కనుక, పడవ చుట్టూ నీరు గడ్డకట్టకపోయినా ఇంజనులోని నీరు గడ్డకట్టవచ్చు.

చరిత్ర

శీతాకాలంలో పడవలను ఒడ్డుకు చేర్చే ఆచారం చాలా పురాతనమైనది. క్రీ.పూ. 700 ప్రాంతానికి చెందిన గ్రీకు కవి హెసియోడ్, తన 'పనులు, దినాలు' అనే కావ్యంలో ఈ విషయమై సూచనలు ఇచ్చాడు. కృత్తికా నక్షత్రాలు సముద్రంలో అస్తమించే కాలంలో ఓడను నేలమీదికి లాగి, గాలికి కదలకుండా చుట్టూ రాళ్ళు పేర్చాలని, వాన నీరు నిలిచి చెక్క కుళ్ళకుండా అడుగునున్న బిరడాను తీసివేయాలని, తెరచాపలను మడిచి ఇంటిలో భద్రపరచాలని, చుక్కానిని పొగ తగిలేచోట వేలాడదీయాలని అతడు చెప్పాడు. బిరడాను తీసి ఉంచడం నేటికీ ఈ పనిలో ఒక తప్పనిసరి అంశం.

రోమను రచయిత వెజీషియస్ తన యుద్ధశాస్త్ర గ్రంథంలో నవంబరు 11 నుండి మార్చి 10 వరకు సముద్రం మూసివేయబడి ఉంటుందని వ్రాశాడు. మధ్యధరా సముద్రం గడ్డకట్టదు. తుఫానులు, మబ్బులు, తక్కువ పగటి వేళల వలన ఆ నెలలలో ప్రయాణాలు ప్రమాదకరమని అతని భావం. నార్వే తీరంలో పడవలను లోపలికి లాగి ఉంచడానికి కట్టిన పాకలను 'నౌస్ట్' అంటారు. వైకింగుల కాలానికి పూర్వపు నౌస్టుల అవశేషాలు కూడా అక్కడ బయల్పడ్డాయి.

ఒడ్డుకు చేర్చడం

చిన్న పడవలను వాలు రేవు మీదుగా చక్రాల బండిపైకి ఎక్కిస్తారు. పెద్ద పడవలను వెడల్పాటి పట్టీలు గల క్రేనుతో ఎత్తుతారు. స్వీడన్, ఫిన్లాండ్ దేశాలలో ఈ పనిని చాలాచోట్ల పడవల క్లబ్బులు నిర్వహిస్తాయి. క్లబ్బు సభ్యులు ఒక రోజును నిర్ణయించుకొని, క్రేనును అద్దెకు తెచ్చి, పడవలను ఒకదాని తరువాత ఒకటిగా కలసి ఎత్తించుకొంటారు.

నీటినుండి తీసిన వెంటనే అడుగుభాగాన్ని వేగంగా వచ్చే నీటిధారతో కడుగుతారు. అపుడు తడిగా ఉన్న నాచు సులభంగా వదులుతుంది. ఆరిన తరువాత దానిని గీకి తీయడం కష్టం.

తెరచాప పడవలను నేలమీద నిలిపేటపుడు బరువంతా అడుగున పొడవునా ఉండే వెన్నుదూలంపై, దాని కింద పేర్చిన దుంగలపై ఉండాలి. పక్కల అమర్చే ఇనుప ఊతలు పడవ ఒరిగిపోకుండా నిలపడానికి మాత్రమే. ఎదురెదురుగా ఉన్న ఊతలను పడవ కిందుగా గొలుసుతో కలిపి కట్టడం వలన అవి పక్కకు జారవు. మంచు కరిగినపుడు నేల మెత్తబడుతుంది కనుక ఊతల పాదాల కింద చెక్క పలకలు వేస్తారు. టార్పాలిన్ తాళ్ళను ఈ ఊతలకు కట్టరాదు. గాలికి టార్పాలిన్ ఎగిరినపుడు తాడు ఊతను లాగివేసి, పడవ పడిపోయే ప్రమాదం కలదు. పక్కపక్కనే నిలిపిన పడవలలో ఒకటి పడితే పక్కనున్నవి కూడా దెబ్బతింటాయి.

పడవ ముందుభాగం కొంచెం ఎత్తుగా ఉండేట్లు నిలిపి, వెనుకనున్న బిరడాను తీసివేస్తారు. లోపల చేరిన నీరు దానంతట అదే కారిపోతుంది. వసంతంలో వెతుకులాట లేకుండా ఆ బిరడాను ఇంజను తాళంచెవితో కలిపి ఉంచడం మంచిది.

ఇంజను

పడవ ఇంజనులలో చాలావాటిని చల్లబరచడానికి బయటి నీటినే లోపలికి పీల్చుకొంటారు. ఇంజను ఆగిన తరువాత ఆ నీటిలో కొంత లోపలనే మిగిలిపోతుంది. మొదట దానిని అడుగు మరల ద్వారా వదలివేసి, తరువాత ఒక బకెట్టులో గడ్డకట్టని ద్రవాన్ని ఉంచి, ఇంజను దానిని పీల్చుకొనేట్లు కొద్దిసేపు నడుపుతారు. పొగగొట్టం నుండి రంగు ద్రవం బయటకు వచ్చినపుడు అది లోపల అంతా చేరినదని భావిస్తారు. అయితే ఇంజను చల్లగా ఉన్నపుడు థర్మోస్టాట్ మూసుకొని ఉంటుంది. నీటిని ముందుగా వదలకుండా ద్రవాన్ని నడిపితే, అది పక్కదారిన వెళ్ళిపోయి ఇంజను మధ్యభాగంలో పాత నీరు అలాగే ఉండిపోవచ్చు.

పడవ వెనుక తగిలించే అవుట్‌బోర్డు ఇంజనులను నిటారుగా ఉంచితే నీరు సహజంగా కారిపోతుంది. పైకి వంచి ఉంచితే ప్రొపెల్లరు మధ్యభాగంలో వాన నీరు చేరి గడ్డకడుతుంది. దీని గేరు పెట్టెలోని నూనెను శరదృతువులోనే తీసి చూడాలి. నూనె పాలవలె తెల్లగా ఉన్నచో లోపలికి నీరు చేరుతున్నట్లు అర్థం. ఆ నీరు శీతాకాలంలో గేరు పెట్టెను పగులగొట్టగలదు.

వాడిన ఇంజను నూనెలో ఆమ్లాలు, తేమ చేరి ఉంటాయి కనుక నిలువ ఉంచే ముందే కొత్త నూనె పోస్తారు. పెట్రోలు ఇంజనులలో సిలిండర్ల లోపల తుప్పు పట్టకుండా పలుచని కందెన నూనెను చల్లుతారు.

గొట్టాలు, ఇంధనం మరియు బ్యాటరీ

తాగునీటి తొట్టి, మరుగుదొడ్డి, వేడినీటి పాత్ర, పంపులు అన్నింటినీ ఖాళీచేయాలి. ఇందుకు వాడే గడ్డకట్టని ద్రవాలలో రెండు రకాలు ముఖ్యమైనవి. ఎథిలీన్ గ్లైకాల్ మనుషులకు, జంతువులకు విషం. దాని తియ్యని రుచి వలన కుక్కలు, పిల్లులు తాగి మరణించే ప్రమాదం కలదు. ప్రొపైలీన్ గ్లైకాల్ విషప్రభావం చాలా తక్కువ. అందువలన తాగునీటి గొట్టాలలో దీనినే వాడాలి.

పడవ అడుగున నీటిని లోపలికి తెచ్చే రంధ్రాలకు కవాటాలు ఉంటాయి. గుండ్రని బంతి వంటి భాగం గల కవాటాన్ని మూసినపుడు, ఆ బంతి లోపల కొద్దిపాటి నీరు చిక్కుకొంటుంది. అది గడ్డకట్టి కవాటాన్ని చీల్చవచ్చు. ఒడ్డున ఉన్న పడవలో ఈ కవాటాలను తెరచి ఉంచి ఆ నీటిని పోనిస్తారు.

డీజిలు తొట్టిలో ఖాళీ ఎక్కువగా ఉంటే, ఉష్ణోగ్రత మారినపుడు గాలిలోని తేమ నీటిబొట్లుగా మారి అడుగున చేరుతుంది. ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి వడపోత గుడ్డలను మూసివేస్తాయి. ఎథనాల్ కలిపిన పెట్రోలు తేమను పీల్చుకొంటుంది. తేమ హద్దు దాటితే ఎథనాల్, నీరు కలసి పెట్రోలు నుండి విడిపోయి అడుగుకు దిగుతాయి.

బ్యాటరీ కూడా నీటి సూత్రానికే లోబడి ఉంటుంది. పూర్తిగా చార్జి చేసిన సీసపు ఆమ్ల బ్యాటరీలోని ద్రవం మైనస్ 50 డిగ్రీల వరకు గడ్డకట్టదు. చార్జి అయిపోయిన బ్యాటరీలో ఆమ్లం పలుచబడి ద్రవం నీటిని పోలి ఉంటుంది కనుక, మైనస్ 10 డిగ్రీల ప్రాంతంలోనే గడ్డకట్టి పెట్టె పగులుతుంది.

కప్పడం

వాన నీరు, మంచు చేరకుండా పడవను టార్పాలిన్‌తోగాని, వేడిచేసి బిగించే పాలిథిన్ పొరతోగాని కప్పుతారు. మంచు జారిపోవడానికి కప్పు నిటారు వాలుతో ఉండాలి. తాజా పొడి మంచు ఘనమీటరుకు 100 కిలోల లోపే ఉండగా, నానిన మంచు 300 కిలోలు దాటవచ్చు. చదునైన టార్పాలిన్ ఆ బరువుకు కుంగి, నీటిని నిలిపే తొట్టిగా మారుతుంది. గాలి ఆడడానికి సందులు ఉంచడం కూడా అంతే అవసరం. పూర్తిగా మూసివేస్తే లోపలి తేమ బయటకు పోలేక బూజు పడుతుంది.

చెక్క పడవల విషయం దీనికి కొంత భిన్నం. వీటిలో నిలిచిన నీరు చెక్కను కుళ్ళిస్తుంది. అలాగని చెక్క మరీ ఎండిపోతే పలకలు కుంచించుకొని సందులు తెరచుకొంటాయి. అందుచేత ఎండ, ఈదురుగాలి తగలని పాకలలో వీటిని ఉంచుతారు. వసంతంలో నీటిలోకి దింపిన తొలి గంటలలో వీటి సందులలోనుండి నీరు కారడం సహజం. పలకలు నీటిని పీల్చి ఉబ్బిన తరువాత సందులు మూసుకొంటాయి.

నీటిలోనే ఉంచడం

కొన్ని పడవలను శీతాకాలంలో కూడా రేవులోనే ఉంచుతారు. మంచినీటి సరస్సులలో ఉపరితలం గడ్డకట్టినా, అడుగున సుమారు 4 డిగ్రీల నీరు ఉంటుంది. గాలి బుడగలను వదలడం ద్వారాగాని, చిన్న ప్రొపెల్లరును తిప్పడం ద్వారాగాని ఆ నీటిని పైకి తెచ్చి పడవ చుట్టూ మంచుగడ్డ ఏర్పడకుండా చూస్తారు. ఉప్పు ఎక్కువగా గల సముద్రపు నీటికి ఈ 4 డిగ్రీల గుణం లేనందున అక్కడ ఈ ఏర్పాటు అంతగా పనిచేయదు. ఈ విధంగా ఉంచిన పడవలో ఒక చిన్న గొట్టం గడ్డకట్టి పగిలినా పడవ మునిగిపోవచ్చు. మంచుగడ్డ ఉన్నంతకాలం పగులు మూసుకొని ఉంటుంది. అది కరిగిన రోజున నీరు లోపలికి వస్తుంది.

సరుకు ఓడలు

ఉత్తర అమెరికా మహాసరస్సులలో ఇనుప ఖనిజం, బొగ్గు, ధాన్యం మోసే ఓడలకు కూడా శీతాకాల విరామం కలదు. సుపీరియర్, హ్యూరాన్ సరస్సులను కలిపే సెయింట్ మేరీస్ నదిపైనున్న సూ లాకులను జనవరి 15 నుండి మార్చి 25 వరకు మూసివేస్తారు. ఆ సమయంలో లాకుల మరమ్మతులు జరుగుతాయి. దాదాపు 300 మీటర్ల పొడవుగల ఓడలు సైతం స్టర్జన్ బే, డలూత్ వంటి రేవులలో ఆగుతాయి. వాటి గొట్టాలలోని నీటిని ఖాళీచేసి, ఇంజను మరియు ఉక్కు పలకల మరమ్మతులు చేస్తారు.

విరామానికి ముందు వచ్చే నవంబరు నెల ఈ సరస్సులలో తుఫానులకు పేరుపొందినది. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే ఖనిజపు ఓడ సుపీరియర్ సరస్సులో తుఫానులో మునిగి, అందులోని 29 మందీ మరణించారు.

పర్యావరణం

పడవ అడుగుకు నాచు పట్టకుండా పూసే రంగులలో రాగి వంటి విషపదార్థాలు ఉంటాయి. కడిగిన నీరు తిరిగి రేవులో కలిస్తే ఆ విషం అడుగు బురదలో చేరుతుంది. ట్రైబ్యుటైల్ టిన్ గల రంగులను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో ఆమోదం పొంది, 2008లో అమలులోకి వచ్చింది. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో కనుగొనబడిన జీబ్రా ఆల్చిప్పలు తరువాత ఉత్తర అమెరికాలో విస్తరించడానికి పడవలు కూడా ఒక కారణం. కనుక పడవను మరొక సరస్సుకు తరలించే ముందు కడిగి, నీటిని తీసి, ఆరబెట్టాలి.

భారతదేశంలో

భారతదేశ తీరాలలో నీరు గడ్డకట్టదు. ఇక్కడ పడవల విరామానికి చేపల సంతానోత్పత్తి కాలం ప్రధాన కారణం. ఆంధ్ర ప్రదేశ్‌తో సహా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పశ్చిమ తీరంలో జూన్ 1 నుండి జూలై 31 వరకు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. 2015లో ఈ నిషేధాన్ని 47 రోజులనుండి 61 రోజులకు పెంచారు. ఈ కాలంలో విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవులలో బోట్లను నిలిపి, ఇంజనులు విప్పి బాగుచేసి, వలలు అల్లి, అడుగుభాగానికి రంగులు వేస్తారు.

చలి దేశాలలోని విహార పడవ యజమానికి విరామం ఒక ఖర్చు మాత్రమే. వేటపై బ్రతికే మత్స్యకారునికి అది ఆదాయం లేని కాలం. అందువలన ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం నిషేధ కాలానికి అర్హులైన మత్స్యకారులకు భృతి చెల్లిస్తున్నది. 2019లో 10,000 రూపాయలుగా ఉన్న ఈ భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచారు.