మీకు తెలుసా? ఫోన్‌లో 1852 నాటి పుస్తకం

తెలుగు మాటకు అర్థం కోసం ఫోన్‌లో మనం ఉచితంగా వెతికే బ్రౌన్ నిఘంటువు 1852లో మద్రాసులో తొలిసారి అచ్చయిన పుస్తకం! దాని 1903 నాటి కూర్పును షికాగో విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో ఉంచింది.

ఈ నిఘంటువుకు పునాది మన కడపలోనే పడింది. 1820లో ఉద్యోగానికి వచ్చిన నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొన్నాడు. పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. తాటాకుల్లో చెదలపాలవుతున్న కావ్యాలను సరిచూయించి కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. ఎంత గొప్ప పని! అలా ఆయన సేకరించిన ప్రతుల్లో చాలాభాగం నేడు చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది.

ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం నడుస్తున్నాయి. రాయచోటి నుంచి సుమారు 50 కిలోమీటర్లే. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.