నిలిచిన చిత్రములలో నడచు మనుష్యులు

మొన్న శామీర్‌పేటలో నొక క్రొత్తయిల్లు కట్టుచున్నచోట, ఇసుకతట్ట నెత్తి నిడుకొని మెట్లెక్కుచున్న యొక కూలివనితను నిలిచి చూచితిని. ఆమె నడు మెప్పుడు వంగినదో, భార మే కాలిపై నిలిచినదో కనిపెట్టవలె ననుకొంటిని గాని నా కన్నులకు చిక్కలేదు. కదలికను కన్ను చూచును, విడదీసి చూడజాలదు. ఆ శక్తిని మనకు ప్రసాదించినది ఛాయాచిత్రము.

పరుగెత్తు గుఱ్ఱముయొక్క నాలుగు పాదములును ఒక్క క్షణమైన నేలను విడుచునా యను సంశయము అమెరికాలో లీలండ్ స్టాన్‌ఫర్డ్ అను ధనికునకు గలిగెను. దానిని తీర్చుటకై ఎడ్వర్డ్ మైబ్రిడ్జి యను ఛాయాచిత్రకారుడు 1878లో పరుగుబాట ప్రక్కన 12 కెమెరాలను వరుసగా నిలిపి, బాట కడ్డముగా దారములు కట్టెను. గుఱ్ఱము తగులగనే యొక్కొక్క దారము లాగబడి యొక్కొక్క చిత్రము వచ్చెను. నాలుగు పాదములును నేలను విడుచుట నిజమే; కాని చిత్రకారులు వ్రాయుచు వచ్చినట్లు కాళ్లు చాచినపుడు గాక, కడుపుక్రిందికి ముడిచినపుడు!

1884 మొదలు ఫిలడెల్ఫియాలో నాతడు మనుష్యుల కదలికలను చిత్రించెను. 1887లో వెలువడిన 781 ఫలకములలో మల్లులతోపాటు నీటికుండ మోయు స్త్రీలును, మెట్లెక్కు స్త్రీలును గలరు. ఫ్రాన్సులో ఎటియెన్ జూల్స్ మారే యను శరీరశాస్త్రజ్ఞుడు 1882లో తుపాకివంటి కెమెరాతో సెకనునకు 12 చిత్రములు తీసెను.

ఆ కాలముననే మన హైదరాబాదులో రాజా దీనదయాళ్ 1892లో ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా నొక స్టూడియోను తెఱచెను. దానిని నడపినది యొక ఆంగ్లవనిత. అచ్చటి చిత్రములకు కదలక కూర్చుండుటయే నియమము. నగలు కనబడెను, చీర కనబడెను. పని మాత్రము కనబడలేదు.

పనిని చిత్రములో చూచినవారు గిల్‌బ్రెత్ దంపతులు. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇటుక పేర్చుటలోని 18 కదలికలను 5కు తగ్గించెను. ఇటుకలను నేలపై గాక నడుమెత్తున నుంచుటచే మాటిమాటికి వంగు బాధ తప్పెను. దంపతులు పనివారి వ్రేళ్లకు చిన్న విద్యుద్దీపములు కట్టి, చేయి నడచిన త్రోవను ఫోటోలో వెలుగుగీతగా చూచిరి. 1924లో భర్త మరణింపగా, పండ్రెండుగురు బిడ్డలను గన్న లిలియన్ ఆ విద్యను వంటయింటికి మరలించెను: గట్టు ఎంత యెత్తుండవలెను? పొయ్యికిని నీటికిని నడుమ నెన్ని యడుగులు?

నేడు మన చేతిలోని ఫోనే యా పని చేయగలదు. వంట చేయునపుడు మీ బిడ్డచేత వీడియో తీయించి, నెమ్మదిగా నడిపి చూడుడు. ఎన్నిసార్లు వంగితిరో, ఎన్ని యడుగులు వృథాగా వేసితిరో లెక్కింపుడు. నడుమునొప్పికి కారణ మొకవేళ మీ వయస్సు గాక గట్టుయొక్క యెత్తే కావచ్చును.

అయితే యొక మాట. ఈ కొలతచే మిగిలిన శ్రమ యెవరికి దక్కవలెను? ఐదు కదలికలతో పని ముగించినవారికి విశ్రాంతి నిచ్చిన నది విద్య. ఇంకను పని మోపిన నది పీడనము. ఆ తట్ట మోయు వనితకు ముందుగా కావలసినది తొందర గాదు. నడుమెత్తున నిసుకయు, కొంత నీడయును.