వేయి స్తంభాల గుడి: శిథిలాల నడుమ ఆగని పూజ

హనుమకొండ నడిబొడ్డున ఉన్న వేయి స్తంభాల గుడి కాకతీయుల కాలం నాటి త్రికూటాలయం. దీని అసలు పేరు రుద్రేశ్వరాలయం. ఒకే రంగమండపానికి అనుబంధంగా మూడు గర్భగుళ్లు ఉన్న ఆలయాన్ని త్రికూటం అంటారు. ఇక్కడ శివుడు, విష్ణువు, సూర్యుడు ఒకే కప్పు కింద కొలువుదీరేవారు. నేడు విష్ణు, సూర్య మందిరాలలో మూలవిగ్రహాలు లేవు. గర్భగుళ్ల మీద శిఖరాలూ లేవు. రుద్రేశ్వరుడికి మాత్రం నిత్య పూజలు జరుగుతూనే ఉన్నాయి.

ఈ ఆలయాన్ని కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించాడు. ఆయన రెండో ప్రోలరాజు కుమారుడు. శక సంవత్సరం 1084 మాఘ శుద్ధ త్రయోదశి నాడు ముగ్గురు దేవుళ్లనూ ప్రతిష్ఠించినట్లు ఇక్కడి శిలాశాసనం చెబుతోంది. కల్యాణి చాళుక్యుల సామంతులుగా ఉన్న కాకతీయులు స్వతంత్రులైన కాలమది. అందుకే ఆ శాసనం దేవుడికిచ్చిన దానంతో పాటు రుద్రదేవుడు గెలిచిన యుద్ధాలనూ ఏకరువు పెడుతుంది. కాకతీయ చరిత్రకు అది ముఖ్యమైన ఆధారం. అప్పటికి రాజధాని అనుమకొండే, అంటే నేటి హనుమకొండే. ఓరుగల్లు కోటకు మారింది ఆ తరువాత.

ఆలయం నక్షత్రాకారపు ఎత్తైన అరుగు మీద నిలిచి ఉంది. రంగమండపం మధ్యనున్న స్తంభాల దగ్గర కాసేపు ఆగి చూడాలి. అడుగున చదరపు దిమ్మె, దాని పైన వరుసగా గుండ్రటి కట్లు, వాటి అంచుల్లో సన్నని పూసల వరుసలు కనిపిస్తాయి. సాన పట్టిన నల్లరాయి ఇప్పటికీ నిగనిగలాడుతుంది. బయట, ఆలయానికీ కల్యాణ మండపానికీ మధ్య ఏకశిలా నంది ఉంది. మెడలోని గంటలూ పట్టెడలూ విడివిడిగా తెలిసేలా శిల్పి దాన్ని చెక్కాడు. ఇక పేరులోని ‘వేయి’ లెక్కపెట్టి చెప్పిన సంఖ్య కాదు. స్తంభాలు ఎన్నో ఉన్నాయని చెప్పే మాట.

1323లో ఢిల్లీ సుల్తానుల సేనలు ఓరుగల్లును జయించడంతో కాకతీయుల పాలన ముగిసింది. రాజపోషణ లేక ఈ ప్రాంతపు ఆలయాలెన్నో పాడుబడ్డాయి. ఇక్కడి కల్యాణ మండపం కాలక్రమంలో బాగా దెబ్బతింది. దాన్ని తిరిగి నిలబెట్టేందుకు పురావస్తు శాఖ 2006లో రాళ్లను ఒక్కొక్కటిగా విప్పదీసింది. కాకతీయుల పద్ధతిలో పునాది గోతిని ఇసుకతో నింపి, దాని మీద కట్టడాన్ని లేపుతారు. పై బరువును సమంగా పంచడానికీ, భూమి అదిరినప్పుడు ఆ అదురును తగ్గించడానికీ ఇసుక పనికొస్తుంది. పునాదితో సహా మండపాన్ని మళ్లీ కట్టడానికి ఏళ్లు పట్టింది. చివరకు 2024 మార్చి 8న, మహాశివరాత్రి రోజున, మండపాన్ని ప్రారంభించారు.

ఊరివాళ్లకు మాత్రం ఈ ఆలయం ఎప్పుడూ చూసిపోయే కట్టడం కాదు, తమ గుడి. కార్తిక మాసంలో తెల్లవారుజాము నుంచే దీపాలు వెలిగించేవారితో ఆవరణ నిండిపోతుంది. శివరాత్రికి అభిషేకాలు, జాగరణ ఉంటాయి. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మతో ఆడపడుచులు వేల సంఖ్యలో ఇక్కడికే చేరతారు. రాజ్యం పోయినా, రెండు గర్భగుళ్లు ఖాళీ అయినా ఈ చోటు ఊరి బతుకులో భాగంగానే ఉంది.

ఇది కేంద్ర రక్షిత కట్టడం కూడా. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ఇలాంటి చోట పూజను ఆపదు. కట్టడానికి కీడు, అపవిత్రత కలగకుండా చూడమంటుంది. 2010 సవరణ ప్రకారం చుట్టూ కనీసం 100 మీటర్ల మేర కొత్త నిర్మాణాలు నిషిద్ధం. అయితే చట్టం చేయగలిగింది కొంతే. స్తంభం మొదట్లో దీపం పెడితే మసి పట్టి చెక్కడం మూసుకుపోతుంది. నూనె, పసుపు, కుంకుమ రాతి రంధ్రాల్లోకి ఇంకితే వాటిని తీయడం కష్టం. ఎనిమిదిన్నర శతాబ్దాలు దాటిన ఈ రాళ్లను కాపాడుకోవడమూ రుద్రేశ్వరుడి సేవే. దీపాన్ని కేటాయించిన చోటే పెట్టండి; శిల్పాలను కళ్లతో చూడండి, చేతులతో తాకకండి.