బరకం చలిని ఎంతవరకు ఆపుతుంది?

ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల పల్లెల్లోనూ, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి ప్రాంతాల్లోనూ డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజాము ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దిగువకు, కొన్ని రోజుల్లో 5 డిగ్రీల దిగువకు కూడా పడిపోతుంది. కళ్లంలో ధాన్యం మీద కప్పడానికి కొన్న టార్పాలిన్లు, అంటే బరకాలు, పంట ఇల్లు చేరాక ఖాళీగా ఉంటాయి కనుక, వాటిని వసారాకు పరదాగానో, తడిక గోడకు చుట్టుగానో, రేకుల కింద లోకప్పుగానో కట్టి చలి కాచుకోవడం ఇలాంటి చోట్ల సులువుగా అందుబాటులో ఉండే ఉపాయం. ఈ పద్ధతి పనిచేస్తుంది. అయితే బరకం ఎంత దళసరిగా ఉంటే ఇల్లు అంత వెచ్చగా ఉంటుందన్న నమ్మకం మాత్రం భౌతికశాస్త్రం ముందు నిలబడదు.

బరకపు అంచును కత్తిరించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, చదునైన సన్నని ప్లాస్టిక్ పట్టీలు నవారు మంచం అల్లికలా నిలువూ అడ్డమూ అల్లుకుని కనిపిస్తాయి. ఈ పట్టీలు అధిక సాంద్రత గల పాలిథీన్‌తో తయారవుతాయి. నీరు దిగకుండా అల్లికకు రెండు వైపులా అల్ప సాంద్రత పాలిథీన్ పూత వేస్తారు. దుకాణాల్లో బరకం నాణ్యతను జీఎస్ఎమ్‌లలో, అంటే చదరపు మీటరు ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్కలో చెబుతారు. 200 జీఎస్ఎమ్ బరకం గట్టిదే అయినా దాని మందం మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూగానే ఉంటుంది. ఉష్ణ వహనం, అంటే ఒక పదార్థం గుండా వేడి ఒక అణువు నుంచి పక్క అణువుకు అందుతూ సాగిపోవడం, ఇంత పలుచని పొరకు ఆగదు. లెక్క వేస్తే ఈ బరకం సొంతంగా ఇవ్వగల అడ్డు అర మిల్లీమీటరు మందం ఇటుక ఇచ్చే అడ్డు కంటే కూడా తక్కువే.

అయినా బరకం కట్టిన గదిలో తేడా తెలియడానికి మొదటి కారణం గాలి. వేడెక్కిన గాలి తేలికై పైకి లేచి, ఆ చోటులోకి చల్లని గాలి చేరుతూ వేడిని మోసుకుపోయే ప్రక్రియను ఉష్ణ సంవహనం అంటారు; దీనికి బయటి ఈదురుగాలి తోడైతే తడికల సందుల్లోంచి, గోడకూ కప్పుకూ మధ్య ఉన్న ఖాళీలోంచి గదిలోని గాలి గంటకు ఎన్నోసార్లు మారిపోతుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల ఎత్తు గల గదిలో సుమారు 30 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. లోపలికీ బయటికీ 10 డిగ్రీల తేడా ఉండి, ఆ గాలి గంటకు పదిసార్లు మారితే, పోయే వేడి దాదాపు 1000 వాట్లు, అంటే ఒక మోస్తరు గది హీటరు నిరంతరం ఇచ్చేంత. గాలి వీచే వైపున బరకం బిగించి ఆ మార్పిడిని గంటకు రెండుసార్లకు తగ్గిస్తే నష్టం 200 వాట్లకు దిగుతుంది. నిద్రపోతున్న మనిషి శరీరం నుంచి వెలువడే వేడి సుమారు 70 వాట్లే కనుక, నలుగురు పడుకున్న గదికి ఆ 800 వాట్ల ఆదా ఎంత విలువైనదో ఊహించవచ్చు. పరదా రెపరెపలాడుతూ ఉంటే ఈ లాభంలో చాలా భాగం పోతుంది. అది ఊగిన ప్రతిసారీ వెనకనున్న గాలిని బయటికి తోస్తుంది. అంచుల్లోని కన్నాల్లో తాళ్లు కట్టి, కింది అంచుకు వెదురు బద్దను చుట్టి బరువు పెట్టడం అందుకే.

రెండో కారణం కూడా గాలికి సంబంధించినదే, కానీ ఈసారి కదలని గాలికి. కదలకుండా నిలిచిన గాలి మనకు అందుబాటులో ఉన్న ఉష్ణ బంధకాలలో, అంటే వేడిని సులువుగా పోనివ్వని పదార్థాలలో, చాలా మెరుగైనది. దాని ఉష్ణ వాహకత ఇటుకలో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. పాత చీరలతో కుట్టిన బొంత వెచ్చగా ఉండేదీ పొరల మధ్య చిక్కుకున్న గాలి వల్లనే. కాబట్టి బరకాన్ని గోడకు అతికినట్టు కట్టడం కంటే అంగుళమో రెండంగుళాలో ఎడంగా, పక్కలు బిగించి కట్టడం మేలు. మరీ ఎడమైతే మాత్రం ఆ ఖాళీలోనే గాలి సుడులు తిరిగి, సంవహనం మళ్లీ మొదలవుతుంది.

రేకుల కప్పు దగ్గర ఈ సూత్రం బాగా కనిపిస్తుంది. పైన చెప్పిన గదికి సిమెంటు రేకులే కప్పు అయితే, 10 డిగ్రీల తేడాకు కప్పు గుండానే సుమారు 750 వాట్లు పోతుంది. రేకులకు కొద్దిగా దిగువన బరకాన్ని లోకప్పుగా బిగిస్తే, మధ్యలో చిక్కిన గాలి పొర వల్ల అది దాదాపు సగానికి తగ్గుతుంది. అదే బరకం మీద రెండంగుళాల మందాన ఎండిన వరిగడ్డి పరిస్తే నష్టం 100 వాట్ల దరిదాపుకు వస్తుంది. గడ్డి ఉచితంగా దొరికే చోట రెండో బరకానికి డబ్బు పెట్టడం వృథా అనడానికి ఈ లెక్క చాలు. ఆ గడ్డి 30 కిలోలకు పైగా తూగుతుంది కనుక కింద వెదురు బద్దల ఆధారం ఉండాలి. ఎలుకల బెడద, నిప్పు భయం రెండూ దీనితో వచ్చేవే కాబట్టి వంట చేసే గదిలో ఈ ఏర్పాటు పనికిరాదు.

వేడి పోయే మూడో దారి ఉష్ణ వికిరణం. ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి కంటికి కనిపించని పరారుణ కిరణాలను వెలువరిస్తూ చల్లబడుతుంది. మబ్బులేని శీతాకాలపు రాత్రి ఆకాశం వైపు తెరుచుకున్న సిమెంటు రేకు ఈ దారిన చదరపు మీటరుకు 60 నుంచి 100 వాట్ల వరకు కోల్పోయి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లనవుతుంది. మెరిసే లోహపు పొర ఈ కిరణాలను వెనక్కి తిప్పికొట్టగలదు. ఇందుకు ఉదాహరణ స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం. అది నెత్తిన పడుతుందని 1979లో తెలుగు పల్లెలు హడలిపోయిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ అంతరిక్ష కేంద్రం 1973 మే నెలలో ప్రయోగ సమయంలోనే తన రక్షక కవచాన్ని పోగొట్టుకుని ఎండకు కాలిపోతుంటే, వ్యోమగాములు దాని మీద గొడుగులా విప్పినది అల్యూమినియం పూత ఉన్న పలుచని పట్టానే. అక్కడ వేడి లోపలికి రాకుండా ఆపాలి, ఇక్కడ బయటికి పోకుండా ఆపాలి, సూత్రం ఒక్కటే. అయితే బజారులో దొరికే వెండిరంగు బరకం అలాంటిది కాదు. దాని మెరుపు ప్లాస్టిక్‌లో కలిపిన రంగు పొడిది కనుక, రాత్రి వేడిని ఆపడంలో అది నిజమైన అల్యూమినియం రేకుకు సాటిరాదు. నిజమైన రేకు వాడినా, దాని మెరిసే ముఖం ముందు కొంత గాలి ఖాళీ ఉండాలి. గోడకు అంటుకుంటే వహనం ద్వారా వేడి పోతూనే ఉంటుంది.

ఈ చిన్న లెక్కల మీద ప్రాణాలు ఆధారపడిన సందర్భాలున్నాయి. 2005 అక్టోబరు 8న పాకిస్తాన్ పాలనలోని ముజఫరాబాద్, బాలాకోట్ ప్రాంతాలను 7.6 తీవ్రతతో భూకంపం కుదిపేసినప్పుడు, హిమాలయపు చలికాలం ముంచుకొస్తుండగా లక్షల మంది నిలువ నీడ లేక మిగిలారు. పంచిన గుడారాల్లో ఎక్కువ భాగం చలికి తగినవి కావు. అప్పుడు సహాయ సంస్థలు ఇంటిని పూర్తిగా కట్టే ఆలోచన మాని, కూలిన ఇంటి కలప, కొత్త రేకులు, ప్లాస్టిక్ పట్టాలతో కుటుంబానికి ఒక్క వెచ్చని పొడిగదిని నిలబెట్టుకోవడానికి తోడ్పడ్డాయి. ఇల్లంతటినీ కాపాడబోయి ఏ గదినీ వెచ్చగా ఉంచలేకపోవడం కంటే, అందరూ పడుకునే ఒక్క చిన్న గదిని బాగా బిగించుకోవడం మన మన్యపు ఇళ్లకూ వర్తించే తెలివైన పద్ధతి.

బిగింపుకు మరో ముఖం తేమ. నలుగురు మనుషుల శ్వాస నుంచి, చర్మం నుంచి ఒక్క రాత్రిలో లీటరుకు పైగా నీటి ఆవిరి వెలువడుతుంది. పాలిథీన్ దాన్ని దాటనివ్వదు కనుక అది చల్లని బరకం లోపలి ముఖం మీద బిందువులై, తెల్లవారేసరికి పక్కల మీద రాలుతుంది. మట్టి గోడను అన్ని వైపులా చుట్టేస్తే ఆ తేమ గోడలోనే ఉండి, పూత ఉబ్బి, బూజు పడుతుంది. ఈ చిక్కును కోళ్ల షెడ్లు నడిపేవారు ఏనాడో పరిష్కరించుకున్నారు. కోడిపిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం అవసరమైనా వారు పరదాను కప్పు దాకా మూయరు. కింది అంచును కదలకుండా కట్టి, పైభాగాన అడుగో అడుగున్నరో సందు వదులుతారు. చల్లగాలి నేరుగా పిల్లలకు తగలదు, తేమా రెట్టలోంచి పుట్టే అమ్మోనియా వాయువూ పైనుంచి పోతాయి. ఇంటికి అంత సందు అక్కరలేదు గానీ, గాలి వచ్చి తగిలే వైపు కాకుండా దాని అవతలి వైపున, పైభాగంలో జానెడు ఖాళీ తప్పనిసరి.

వాడకం ముగిశాక బరకాన్ని ఎండలో వదిలేయకూడదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పాలిథీన్ అణువుల గొలుసులను తెంచుతాయి. చౌక రకం బరకం కొద్ది నెలల్లోనే పెళుసెక్కి, ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలిపోతుంది. చలి తగ్గగానే ఆరబెట్టి, మడిచి, నీడన దాచుకుంటే మళ్లీ పంట నూర్పిళ్లకు పనికొస్తుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం నిప్పు. పాలిథీన్ 110 నుంచి 130 డిగ్రీల మధ్యనే కరిగి, అంటుకుంటే మండుతున్న బొట్లుగా కిందికి కారుతుంది. మంట లేకపోయినా బొగ్గుల కుంపటి కార్బన్ మోనాక్సైడ్‌ను విడుదల చేస్తూనే ఉంటుంది. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కనుక, నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే ప్రాణాలు కోల్పోతారు. సందులున్న తడిక ఇంట్లో ఏళ్ల తరబడి కుంపటి పెట్టుకున్నా ఏమీ కాని కుటుంబం, బరకంతో ఆ సందులు మూసిన మొదటి రాత్రే ప్రమాదంలో పడవచ్చు. అందుచేత బరకం కట్టిన గదిలో కుంపటి, బొగ్గు, కట్టెల పొయ్యి ఏదీ ఉంచి నిద్రపోరాదు. పడుకునే ముందు నిప్పును బయట పెట్టి, నీళ్లు చల్లి ఆర్పిన తరువాతే పరదా దించాలి.