ఫిరంగులు పోతపోసిన చోటు

అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్తూ 'గన్‌ఫౌండ్రీ' అని టిక్కెట్ అడిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు... ఒకప్పుడిక్కడ నిజంగానే ఫిరంగులు తయారయ్యేవని!

రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ నెలకొల్పిన కార్ఖానా అది. 1786 నాటిదని చెబుతారు. స్థానికులు దాన్ని 'తోప్ కా సాంచా' అన్నారు. అంటే ఫిరంగి అచ్చు. రేమండ్‌నేమో హిందువులు మూసారామ్ అనీ, ముస్లింలు మూసా రహీమ్ అనీ పిలుచుకున్నారు. మూసారాంబాగ్‌కు ఆ పేరు అలా వచ్చిందే!

1798 మార్చిలో రేమండ్ కన్నుమూశాడు. అదే ఏడాది నిజాం ఆంగ్లేయులతో సైన్య సహకార ఒప్పందం చేసుకోవడంతో, అక్టోబరులో ఫ్రెంచి పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించారు.

తర్వాత ఈ చుట్టుపక్కలే 1870లో శంకుస్థాపన జరిగిన సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ వెలిసింది. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ప్రధాన కార్యాలయమూ వచ్చింది. ఆ బ్యాంకు 2017లో ఎస్‌బీఐలో కలిసిపోయింది. కెథడ్రల్ రోడ్డు మీదికే కనిపిస్తుంది. పేటకు పేరిచ్చిన కార్ఖానా మందపాటి గోడలను మాత్రం సందుల్లో వెతుక్కోవాలి. అవీ కూలిపోతే, గన్‌ఫౌండ్రీ అన్న మాటకు అర్థం చూపించడానికి పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తాం?